వినికిడి వరస

"ముందుకు," అంది నూకరత్నం.

గోడ మీద కర్సర్ ఒక గడి కిందికి దిగింది. కొత్త రికార్డు తెరుచుకుని తన మొదటి చప్పుడు వినిపించింది. కుక్కరు కూత. ఎవరో గరిటె కింద పడేశారు. నూకరత్నం పక్కకి చూసింది. పీట మీద కూర్చున్న ఇంటావిడ గంగాభవాని తల అడ్డంగా ఊపింది.

"ముందుకు."

వాన చప్పుడు. కిటికీ రెక్క కొట్టుకుంటోంది. మనిషి అలికిడి లేదు.

"ముందుకు."

గోడ అంచున దీపం ఆకుపచ్చగా ఉన్నంతలోనే ఆ మాట అనాలి. కాస్త ఏమరితే దీపం పసుపులోకి తిరుగుతుంది. ఎరుపైందంటే ఆ ఇంటి వినికిడి విడత మూసుకుపోయినట్టే. మూసుకుపోయిన విడతని మళ్ళీ తెరవడానికి లేదు, ఎందుకంటే గోడని ఖాళీ చేసే తుడుపు ఆజ్ఞ అప్పటికే గుమ్మం బయట చెప్పులు విప్పుకుని నిలబడి ఉంటుంది. నూకరత్నం ఉద్యోగమంతా ఆ ఒక్క మాటే. ఇదీ ఒక పనేనా అని మూతి విరిచేవాళ్ళున్నారు. పొద్దుట్నుంచి దీపాలవేళ దాకా ఒకే మాటని, తుమ్మొచ్చినా దగ్గొచ్చినా, ఎదుటివాళ్ళు ఏడ్చినా, ఆపకుండా అని చూస్తే వాళ్ళకే తెలిసొస్తుంది.

పెద్ద నిల్వ కేంద్రాలను మూసేశాక ఎవరి జ్ఞాపకం వాళ్ళ ఇంటి గోడకే మిగిలింది. ప్రతి వంటింటి గోడకీ ఒక బ్రౌజరు, దాని లోపల అరలు, అరల నిండా రికార్డులు. అక్కడ ఎవరేం మాట్లాడినా గోడ దాచుకుంటుంది. చిక్కేమిటంటే దాచుకునే జాగా వీధికంతటికీ ఉమ్మడి. అది నిండితే వీధి వీధంతా ఒక్కసారే తుడిచెయ్యాలి. అంతకుముందు ఇంటివాళ్ళకు కడసారి నడక ఒకటి ఇస్తారు. నడకమనిషి వచ్చి తన అనుమతి బిళ్ళ గోడలో పెట్టి, రికార్డులన్నీ ఒక్కొక్కటిగా ఎదట నిలబెడుతుంది. ఇంటివాళ్ళు "విను" అంటే గోడ ఒకసారి పూర్తిగా వినిపిస్తుంది. అనకపోతే దాటిపోతుంది. చేతిపలకల్లోకి ఎక్కించుకుందామంటే వాటికి సొంత జ్ఞాపకం ఉండనివ్వరు. విని వదిలెయ్యడమే.

చాలా ఇళ్ళల్లో ఈ తతంగం పెళ్ళి ఆల్బం తిరగేసినట్టు సాగిపోతుంది. నవ్వుకుంటారు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకుంటారు, నడకమనిషికి కాఫీ ఇచ్చి పంపేస్తారు. పాత రేవు వీధిలో సింహాద్రి ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వే తీరిక లేదు.

సింహాద్రి రేవులో చేపల వేలం పాడినవాడు. ఆయన గొంతెత్తితే లంగరేసిన పడవల్లో నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళట. ఈ మధ్యనే గొంతులో పుండు లేచి, వైద్యులు స్వరపేటిక తీసేశారు. తీసేసి మెడకొక గొంతుపట్టీ కట్టి పంపారు. ఆ పట్టీకి మొదట్లో మాట్లాడ్డం రాదు, వినడం మాత్రం వచ్చు. తొడుక్కున్న మనిషి పాత గొంతుని వినీ వినీ ఆ బాణీ పట్టుకుంటుంది. దాని మీదున్న నీలిగీత ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిండితే, ఆయన పెదవి కదిపినప్పుడు ఆయన గొంతుతోనే పలుకుతుంది.

"సగం నిండితేనో?" అని గంగాభవాని ఆస్పత్రిలో అడిగింది.

"సగం గొంతు ఎవరి గొంతూ కాదమ్మా," అన్నారు వాళ్ళు.

ఇప్పటికి నిండింది పావు. ఆయన పాత గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు, ఈ వంటింటి గోడలో తప్ప. సాయంత్రానికి ఇక్కడా ఉండదు.

పేరు పెట్టి వెతికితే చిటికెలో పోయే పనే. కానీ సింహాద్రి గోడకి తన పేరు ఎన్నడూ చెప్పుకోలేదు. "అదేమన్నా మా మేనమామా, వెళ్ళి పేరు చెప్పుకోడానికి," అని తోసేసేవాడని గంగాభవాని పొద్దున రాగానే చెప్పింది. చెప్పి మొగుడి వైపు ఉరిమి చూసింది. ఆయన గడపకి ఆనుకుని కూర్చుని చూపు తిప్పేసుకున్నాడు. పేరు లేని గొంతు వెతుకుడికి చిక్కదు. కర్సర్ పట్టుకుని ఒక్కో గడీ తొక్కుకుంటూ పోవడం తప్ప దారి లేదు.

అందుకే నూకరత్నం పొద్దున ఒక పని చేసింది. మామూలుగా నడక పుట్టిన వరసలో తెరుస్తారు, పాతది ముందు, కొత్తది వెనక. ఆ లెక్కన పోతే సింహాద్రి ఇంటిపట్టున ఎక్కువగా ఉన్న ఏళ్ళు చివర్లో ఎక్కడో వస్తాయి. అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది. గోడకి ఇంకో వరస కూడా ఉంది, వినికిడి వరస. ఎన్నడూ ఎవరూ తిరిగి వినని రికార్డులు అందులో ముందుంటాయి, ఈమధ్య విన్నవి చివర్న. ఇంటివాళ్ళు ముచ్చటపడి మళ్ళీ మళ్ళీ విన్నవి పిల్లల మాటలు, పేరంటాల పాటలు. ఉప్పు తక్కువైందని సింహాద్రి అరిచిన అరుపు ఎవరు తిరిగి వింటారు? ఆయనదంతా ముందే దొరుకుతుందని ఆమె అంచనా. శిక్షణలో ఆ వరస వాడొద్దన్నారు. ఎందుకో చెప్పలేదు, ఈమె అడగనూ లేదు. వినికిడి వరసలోనే తెరిచింది.

"ముందుకు."

"ఏమేవ్," అంది గోడ. నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చునేంత పెద్ద గొంతు.

"విను, విను," అంది గంగాభవాని గబగబా.

"ఏమేవ్, ఈ పులుసులో ఉప్పెవరేశారు, నువ్వా, సముద్రమా? ఇంకో గంటె వెయ్యి. తిడుతున్నానని మానేత్తావేంటి, బానే ఉంది."

పట్టీ మీద నీలిగీత నువ్వుగింజంత జరిగింది. సింహాద్రి బొటనవేలితో దాన్ని తడిమి చూసుకున్నాడు.

అంచనా తప్పలేదు. ఆయన వస్తూనే ఉన్నాడు. గెడ్డం గీసుకుంటూ కూనిరాగం తీశాడు. కిటికీలోకొచ్చిన కాకితో, రోజూ వచ్చి తినడమే గానీ ఒక్క రోజన్నా ఒక చేపముక్క పట్టుకొచ్చావా అని తగువేసుకున్నాడు. మోటారు పాడైందని ఎవరినో కడిగేశాడు. మధ్యమధ్య కుక్కర్లు, వానలు, ఎవరివో దగ్గులు. నూకరత్నం దాటించుకుంటూ పోయింది. ఆమెకి కూర్చోబుద్ధి కావడం లేదు. గోడ ముందు అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేస్తోంది, దీపం మీంచి చూపు తియ్యకుండా.

"ఆయన కాఫీ అడుగుతన్నారు," అంది గంగాభవాని ఒకసారి.

సింహాద్రి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మరి దాహమా? కిటికీ ముయ్యనా?"

ఆయన నుదురు కొట్టుకున్నాడు. అడిగింది అదీ కాదు, ఇదీ కాదు. ఆపరేషనైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఇదే వరస. ఆయన ఒకటంటాడు, ఆవిడ ఇంకోటి తెచ్చిపెడుతుంది, ఇద్దరికీ కోపాలొస్తాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నోరే లేనివాడికి సొంత ఇల్లు కూడా పరాయి ఊరే. పలక మీద రాసి చూపించమంటే విసిరికొట్టాడట.

"ముందుకు."

చప్పుడు లేదు. వంటింట్లో ఎవరో ఒక్కరే తిరుగుతున్న అడుగులు తప్ప. తర్వాత సింహాద్రి గొంతు, రేవులో పాడినట్టే, కాకపోతే ఎవరూ వినకూడదన్నట్టు కాస్త తగ్గించి.

"విను," అంది గంగాభవాని.

"చూసుకోండి బాబూ, అట్లకాడ. గంగాభవాని చేతి అట్లకాడ. అంచు అరిగింది, పదును తగ్గలేదు. పాట ఎంత? ఎవరండీ ఆ చివర్న, సరిగ్గా అనండి. అంతేనా? ఇంకెవరన్నా ఉన్నారా?" కాసేపు ఆగాడు. "ఇవ్వను పొండి. ఎంతిచ్చినా ఇవ్వను. తర్వాత సరుకు, మూకుడు."

గంగాభవాని ముందు నవ్వింది. ఆవిడ ఊరెళ్ళినప్పటిది కాబోలు, ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు ఆయన వంటసామానంతా వేలానికి పెట్టాడు, ఒక్కటీ అమ్మలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ మొహం ముడుచుకుపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. సింహాద్రి సిగ్గుపడిపోయి గడప చెక్కని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళలో నాతో ఒక్క మంచి మాట అన్లేదమ్మాయ్," అంది ఆవిడ వెక్కుతూ. "గోడతో అనుకున్నాడు. నాతో అంటే ఏం పోయిందంట."

దీపం పసుపులోకి తిరిగింది. ఆ ఏడుపు మీదుగానే నూకరత్నం "ముందుకు" అంది. అలా అనడం ఈ ఉద్యోగంలో ఆమెకి ఎన్నటికీ అలవాటు కాని పని. అన్న ప్రతిసారీ తన మీద తనకే కోపం వస్తుంది.

మధ్యాహ్నం వాలింది. వినని రికార్డులు అయిపోయి, విన్నవి మొదలయ్యాయి. పిల్లల పద్యాలు, పేరంటాల పాటలు. సింహాద్రి గొంతు పలచబడిపోయింది. నీలిగీత సగం దగ్గరకొచ్చి అక్కడే ఆగింది. ముగ్గురూ ఆ గీతనే చూస్తున్నారు. నూకరత్నం అడుగులు వెయ్యడం మానేసింది. ఇంకాసేపట్లో గోడ "అయిపోయింది" అంటుంది. బిళ్ళ దానంతటదే బయటికొస్తుంది. ఈ మనిషికి ఎవరిదీ కాని గొంతు ఒకటి మిగులుతుంది.

"ముందుకు."

"ఏమేవ్," అంది గోడ.

గంగాభవాని తలెత్తింది. "ఇది పొద్దున్నే విన్నాం కదే. ఉప్పు సంగతి."

"విను అనండి పిన్నిగారూ."

"విన్నాం కదంటన్నాను."

"అనండి ముందు."

ఆవిడ అంది. సింహాద్రి మళ్ళీ పులుసుని తిట్టి, మళ్ళీ ఇంకో గంటె వెయ్యమన్నాడు. తర్వాత గెడ్డం గీసుకుంటూ పాడాడు. తర్వాత కాకి. నూకరత్నం గోడకి దగ్గరగా జరిగి రికార్డు తల మీద చివరిసారి విన్న తేదీ ముద్ర చూసింది. ఈ రోజుదే. శిక్షణలో వద్దన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. చెప్పిన మాట వినలేదు, తప్పు చేసింది, చేసింది ఎంత పెద్ద తప్పో కూడా అర్థమైంది.

"విన్నాం కాబట్టే వచ్చింది పిన్నిగారూ," అంది నెమ్మదిగా. "మనం విన్నప్పుడల్లా గోడ దాని మీద కొత్త ముద్ర కొట్టి వరసలో చివరికి పంపించేస్తోంది. మనం చివరికొచ్చేసరికి అది అక్కడ కూర్చుని ఉంటోంది. ఇప్పుడు విన్నాం కదా, మళ్ళీ చివరికే పోయింది."

"అయితే ఇది ఎప్పటికవుద్ది?"

"మీరు విను అంటున్నంతకాలం అవదు."

"మరి ఆ కుక్కర్లూ వానలూ?"

"వాటిని మనం వినలేదుగా. వెనకే ఉండిపోయాయి. ఇక ముందున్నవన్నీ బాబాయిగారివే."

సింహాద్రి గడప దగ్గర్నుంచి లేచాడు. ఆయనకి అర్థమైపోయింది. నీలిగీత సగం దాటింది, వానలూ కుక్కర్లూ అడ్డం లేకపోయేసరికి జోరు కూడా హెచ్చింది. మూడో చుట్టుకి గంగాభవాని కాకి తగువులో మాటలు తానూ కలిపి అంటోంది. నూకరత్నానికి నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. కిటికీ బయట వెలుగు తగ్గుతోంది.

నూకరత్నం చెవిపట్టులో పర్యవేక్షకుడు త్రినాథ్ గొంతు పలికింది. త్రినాథ్ చెడ్డవాడు కాదు. పని సవ్యంగా సాగుతున్నన్నాళ్ళూ చాలా మర్యాదస్తుడు.

"రత్నంగారూ, వీధంతా మూసేశారు. మీదొక్కటే తెరిచి ఉంది, పక్క సందులో ఒకటి ఇంకా మొదలవాలి. ఎంతసేపు?"

"నడుస్తోందండి."

"నడుస్తోందని నాకూ కనిపిస్తోంది. ఆ ఇంట్లో ఉన్న రికార్డులకంటే నడిచిన గడులు ఎక్కువ చూపిస్తోందేంటి?" అవతల మీటలు నొక్కిన చప్పుడు. "వినికిడి వరసలో తెరిచారా?"

"తెరిచానండి."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఎవరు తెరవమన్నారు మిమ్మల్ని ఆ వరస? తెరిచిన నడక ఒక్కటున్నా వీధిని తుడవకూడదని మీకు తెలుసుగా? జాగా లేక గోడలన్నీ నోరు మూసుకుని కూర్చున్నాయి. ఆ చివరింట్లో ఈ పూట పిల్ల పుట్టింది. దాని ఏడుపు దాచుకోడానిక్కూడా జాగా లేదు."

అది నిజమే. నూకరత్నం పొద్దున వస్తూ ఆ ఇంటి ముందు చెప్పుల గుంపు చూసింది.

"ఇక్కడొక మనిషికి గొంతు పోతోందండి. కాసేపు ఆగితే నిండుతుంది."

"ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. కాదనను. అందరికీ ఆగితే ఊరు ఆగిపోతుంది." త్రినాథ్ గొంతు తగ్గించాడు. "ఇంటివాళ్ళని విను అనొద్దని మనం అనలేం, అది వాళ్ళ హక్కు. మీరేం చెయ్యక్కర్లేదు, రత్నంగారూ. ఈ రికార్డు అయ్యాక ఊరుకోండి చాలు. దీపం అదే ఆరిపోతుంది. మాట మర్చిపోయారని రాసుకుంటాను. ఉద్యోగం జోలికి ఎవరూ రారు."

గోడలో సింహాద్రి మూకుడు పాట ముగించాడు. దీపం పసుపైంది.

ఊరుకోవడం. ఇంత తేలికైన పని ఆమెకి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. నడకమనిషి బిళ్ళ ఒకసారి పోతే మళ్ళీ ఇవ్వరు. ఆమె జీతం మీదే ఆమె ఇల్లు నడుస్తోంది. నోరు మూసుకుంటే చాలు, తప్పు కూడా అంటదు. గంగాభవానికి చెవిలో మాటలు వినపడలేదు గానీ, నూకరత్నం మొహం చూసి గబుక్కున లేచి నిలబడింది. సింహాద్రి కదల్లేదు. చూస్తున్నాడంతే. ఏదో అనబోయి, అనలేక, పెదవులు మూసుకున్నాడు. నూకరత్నం చూడలేకపోయింది ఆ మొహాన్ని.

"ముందుకు," అంది.

"రత్నంగారూ," అన్నాడు త్రినాథ్.

"ముందుకు అన్నానండి."

ఆయన మర్యాద అక్కడితో అయిపోయింది. వినికిడి వరసలో తెరిచి వీధిని ఆపిన నడకమనిషి గురించి చెవిపట్టులో చాలాసేపు కేకలేశాడు. కోపంలో ఆయన ఒక్కటి మర్చిపోయాడు, అది నడకమనుషులందరికీ కలిపి ఉన్న లైను. కేకలు ఆగాక పక్క సందు నుంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా అడిగింది.

"అక్కా, ఆ వరసలో తెరిస్తే నడక అవదా? నా దగ్గర ఒక ఇల్లుంది, ఇంకా మొదలే పెట్టలేదు."

త్రినాథ్ ఎవరూ వినొద్దని అరిచి లైను కోసేశాడు. వినాల్సినవాళ్ళు అప్పటికే విన్నారు. గోడ మూలన వీధి పటంలో, తుడుపు కోసం బూడిదరంగులో కాచుకున్న ఇళ్ళ మధ్య, ఇంకో చుక్క ఆకుపచ్చగా వెలిగింది.

నూకరత్నం గొంతు బొంగురుపోతోంది. పట్టీ మీద నీలిగీత చివరి కొసకి రెండు మూడు నువ్వుగింజల దూరంలో ఉంది. కింద వీధిలో బండి ఆగిన చప్పుడు. ఎవరో పేరడుగుతున్నారు, ఇల్లు చూపిస్తున్నారు. పర్యవేక్షకుడు స్వయంగా వచ్చి బయటికి నడవమంటే నడకమనిషి నడవాల్సిందే, అది ఆమె రాసిచ్చిన షరతు. ఆమె బయటికెళ్ళాక ఆ మాట అనేవాళ్ళు లేకపోతే దీపం ఎరుపు. గంగాభవాని గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నూకరత్నం తాగలేదు.

"పిన్నిగారూ, ఒక సంగతి చెబుతాను. ఇది ఇళ్ళవాళ్ళకి చెప్పకూడదు." ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నా బిళ్ళ గోడలో ఉన్నంతసేపూ ఆ మాట నేనే అనాలని లేదు. గదిలో ఎవరన్నా గోడ వింటుంది. నడక నడుస్తుండగా బిళ్ళని ఎవరూ బయటికి లాగలేరు. నేను లాగాలన్నా రాదు. మనది తెరిచి ఉన్నంతసేపూ వీధిని తుడవలేరు, పక్క సందు ఇల్లు కూడా దక్కుతుంది."

"నీ ఉద్యోగం పోద్దమ్మాయ్."

"పోయింది పిన్నిగారూ. ఇందాకే పోయింది."

అన్నాక ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. పొద్దుట్నుంచి ఒక్క క్షణం నిలకడ లేకుండా తిరిగిన మనిషి, గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. గోడలో కాకి తగువు ముగిసింది. ఇప్పుడు "ముందుకు" అనాలి. అనబోతే బొంగురు గాలి తప్ప మాట రాలేదు. దీపం పసుపైంది. మెట్ల మీద బరువైన అడుగులు మొదలయ్యాయి.

గంగాభవాని నోరు తెరిచింది. అంతలో ఆవిడ భుజం మీద చెయ్యి పడింది. సింహాద్రి ఆవిడని పక్కకి జరిపి, గోడకీ నూకరత్నానికీ మధ్య వచ్చి నిలబడ్డాడు. మెడ మీద నీలిగీత కొస దాకా నిండి, మినుకుమినుకుమనడం మానేసి నిలకడగా వెలుగుతోంది. పెదవులు కదిపాడు. మొదట ఉత్త గాలి. ఇంకోసారి కదిపాడు.

"నువ్వు కూచో అమ్మాయ్," అన్నాడు. "పొద్దుట్నుంచీ అరుత్తానే ఉన్నావు. ఇక నేనంటాను."

గంగాభవాని చేతిలో గ్లాసు ఒలికి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. ఆవిడ చూసుకోలేదు. సింహాద్రి గోడ వైపు తిరిగి, గుండె నిండా గాలి పీల్చుకుని, రేవు ఆ చివరిదాకా వినపడేటట్టు అన్నాడు.

"ముందుకూ."

దీపం ఆకుపచ్చగా మారింది. మెట్ల మీద అడుగులు ఆగిపోయాయి.